కడుపు తిప్పితే నెపం సముద్రం మీదే వేయకండి

జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం ముగుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు ఊరికే ఉన్న బోట్ల ఇంజన్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. అప్పటికే వానలు కూడా మొదలవుతాయి. వలలు, ఐసు, బియ్యం, డీజిల్ అన్నీ లెక్క చూసుకుంటాం గానీ పొగ గొట్టం వైపు ఎవరూ తొంగి చూడరు.

భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి ఒడ్డుల్లో ఎక్కువగా తిరిగేవి పైకప్పు లేని ఫైబర్ బోట్లే. వాటిలో పొగ భయం తక్కువ, పెట్రోలు భయం ఎక్కువ. విశాఖకో గుజరాత్‌లోని వెరావల్‌కో వెళ్లి కేబిన్ ఉన్న పెద్ద బోట్లెక్కే మన కుర్రాళ్లకు రెండు భయాలూ ఉన్నాయి.

నల్ల పొగ కంటికి కనబడుతుంది, మనిషి పక్కకు తప్పుకుంటాడు. ప్రాణం తీసేది అందులో కలిసి వచ్చే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత కళ్లు తిరగడం, వికారం, వాంతులు. సముద్రం పడనివాడికి కనిపించేవీ ఇవే కదా! అందుకే “కొత్తోడివి, అలవాటవుద్దిలే, లోపలికెళ్లి పడుకో” అంటాం. పొగ నిండిన కేబిన్‌లోకే వాడిని తోలుతున్నామని తోచదు. ఏళ్ల తరబడి వేటకొస్తున్న కళాసీకి కూడా అదే సమయంలో తల పగిలిపోతోందంటే, డెక్ మీదకొస్తే తేలికపడి లోపలికెళ్తే మళ్లీ మొదలవుతోందంటే అనుమానించాల్సింది ఇంజన్నే.

బయల్దేరే ముందు ఒడ్డునే ఇంజను ఆడించి పొగ గొట్టాన్ని మొదలు నుంచి చివరిదాకా చూడండి. అతుకుల దగ్గర నల్లగా మసి చార కనిపిస్తే అక్కడ లీకు ఉన్నట్టే. ఉప్పుగాలికి గొట్టం తుప్పు పడుతుంది, ఖాళీగా ఉన్న రెండు నెలల్లో ఆ తుప్పు చిల్లు దాకా పోవచ్చు. గుడ్డ చుట్టి, సీలు పెట్టి ఈ ట్రిప్పుకి కానిచ్చేద్దామనుకోవద్దు. అతుకుల మధ్య లీకు ఆపే గాస్కెట్ మార్పించండి.

గొట్టం బాగున్నా పొగ లోపలికి రావచ్చు. వల లాగుతూ బోటు నెమ్మదిగా పోతున్నప్పుడు వెనక గాలి తోడైతే మన పొగ మన కేబిన్‌లోకే దూరుతుంది. వానకి తలుపులు మూసి టార్పాలిన్ దించితే ఇక బయటికి పోదు. తడిస్తే తడిశారు, గాలి ఆడేలా ఎదురెదురుగా రెండు వైపులా సందు ఉంచండి. హార్బరులో పక్క బోటు ఇంజను ఆన్‌లో ఉన్నా ఇదే జాగ్రత్త. చిన్న జనరేటరైనా, బొగ్గుల కుంపటైనా కేబిన్ లోపల వద్దే వద్దు. ముక్కుకి తడి గుడ్డ కట్టుకున్నా ఈ గ్యాస్ ఆగదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పడుకునే చోట పెట్టండి. పొగ అలారం ఈ గ్యాస్‌ను పట్టదు.

ఎవరైనా పడిపోతే ఇంజను ఆపి, తలుపులన్నీ తెరిచి, బయటి గాలిలోకి తీసుకురండి. కరోనా నాడు కొన్న ఆక్సీమీటర్ వేలికి పెట్టి 98 వచ్చిందని ఊరుకోకండి, ఈ విషం ఎక్కినప్పుడు అది అబద్ధం చెబుతుంది. లేచి కూర్చున్నా సరే, ఒడ్డుకు చేరగానే ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించాల్సిందే. సముద్రంలో ఉంటే బోటులోని వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో పిలవండి. ఫోన్ అందితే కోస్ట్‌గార్డు 1554, మెరైన్ పోలీసులు 1093.

ఇక నిప్పు సంగతి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో పదుల బోట్లు కాలిపోయాయి. బోట్లలోని డీజిల్‌కి, వంట సిలిండర్లకి మంట అంటుకున్నాక ఆపడం ఎంత కష్టమో ఆ రాత్రి ఒడ్డున నిలబడి చూసినవాళ్లకి తెలుసు.

పెట్రోలు ఆవిరీ, వంట గ్యాసూ గాలికంటే బరువు. ఇంట్లో లీకైతే కిటికీ తెరిస్తే కొంతైనా పోతుంది, బోటులో మాత్రం అడుగుకు దిగి తొట్టెలో నీళ్లలా నిలుస్తుంది. తర్వాత స్టార్టర్ నొక్కితే అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే పెట్రోలు పోశాక మూత బిగించి, అడుగు పలకలు ఎత్తి, వంగి వాసన చూడండి. వాసన తగిలితే ఇంజను ముట్టుకోవద్దు, స్విచ్ కూడా వేయొద్దు. డబ్బాలను బోటులో పెట్టి నింపకుండా నేల మీద దించి నింపండి. పోసేటప్పుడు బీడీ, పొయ్యి, ఇంజను మూడూ ఆరి ఉండాలి.

సిలిండరు డెక్ మీద, నీడలో, నిలబెట్టి కట్టండి. వంట అయ్యాక స్టౌ దగ్గర నాబ్ తిప్పి వదిలేయకుండా రెగ్యులేటర్ దగ్గరే ఆపండి. ట్యూబుకి సబ్బు నురగ రాసి చూస్తే, లీకున్న చోట బుడగలు లేస్తాయి. దీనికి ఖర్చు ఒక సబ్బు ముక్క.