రూబీతో డెస్క్‌టాప్ యాప్ ఎలా చేయాలి? (విండో బిగుసుకుపోకుండా)

రూబీ ప్రోగ్రామింగ్ భాష అంటే వెబ్‌కే, రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కే అనుకునేవాళ్ళు మన వైజాగ్‌లో చాలామంది ఉన్నారు. కానీ కొట్లో బిల్లింగ్‌కో, ఫిషింగ్ హార్బర్‌లో బోటువారీ ఐస్, డీజిల్ లెక్కకో నెట్ లేకపోయినా నడిచే చిన్న యాప్ కావాలంటే రూబీతో బేగి అయిపోతుంది.

ముందు సరంజామా. విండోస్ అయితే రూబీఇన్‌స్టాలర్, అందులో డెవ్‌కిట్ (రూబీ లైబ్రరీలను కంపైల్ చేసే సామాను) ఉన్నదే దించండి. ఉబుంటు అయితే బిల్డ్ ఎసెన్షియల్, జీటీకే 3 (విండోలు, బటన్లు గీసే టూల్‌కిట్) డెవలప్‌మెంట్ ప్యాకేజీ. కోడ్ రాసే ఐడీఈకి రూబీమైన్; వీఎస్ కోడ్‌లో రూబీ ఎల్‌ఎస్‌పీ పెట్టుకున్నా నడుస్తుంది గానీ డీబగ్గర్ దగ్గరికొచ్చేసరికి రూబీమైన్ సుఖమే వేరు. నెట్‌బీన్స్‌తో చెప్పే పాత ట్యుటోరియల్స్ వదిలేయండి, 2011లోనే అందులో రూబీ సపోర్ట్ ఆపేశారు. కొత్త ప్రాజెక్ట్ తెరిచి జెమ్‌ఫైల్‌లో (యాప్ వాడే లైబ్రరీల జాబితా) జీటీకే3 రాసి బండిల్ ఇన్‌స్టాల్ కొట్టండి.

జీటీకేనే ఎందుకంటే, తెలుగు కోసం. ఏ టూల్‌కిట్ అయినా సరే ముందు ఒక లేబుల్ పెట్టి అందులో "లక్ష్మి", "స్త్రీ" అని రాసి చూడండి. జీటీకే అక్షరాలు ప్యాంగో అనే లైబ్రరీతో గీస్తుంది కాబట్టి ఒత్తులు ఎక్కడివక్కడ కూర్చుంటాయి. లైనక్స్ మీద టీకే అనే ఇంకో టూల్‌కిట్ 8.6లో అవే మాటలు ముక్కలైపోతాయి. కస్టమర్ పేరే సరిగ్గా పడని బిల్లు ఎవడికి కావాలి? పైగా రూబీ 2.4 నుంచి టీకే స్టాండర్డ్ లైబ్రరీలో కూడా లేదు.

విండో తెరవడం, బటన్లు పెట్టడం పది నిమిషాల పని. అన్నీ గ్రిడ్‌లో పెట్టండి, పిక్సెల్ లెక్కలేసి ఫిక్స్‌డ్‌లో పెట్టొద్దు, ఫాంట్ పెద్దది చేస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. విండో మూసినప్పుడు వచ్చే డిస్ట్రాయ్ సిగ్నల్‌కి ప్రోగ్రామ్ లూప్ ఆపే మెయిన్ క్విట్ తగిలించడం మర్చిపోవద్దు, లేదంటే విండో మూసినా ప్రోగ్రామ్ లోపల నడుస్తూనే ఉంటుంది.

ఇక అసలు కథ బటన్ నొక్కాక మొదలవుతుంది. ద్వారకానగర్ కోచింగ్‌ల నుంచి వచ్చే పిల్లల ప్రాజెక్టుల్లో ఎప్పుడు చూసినా ఇదే గొడవ. "రిపోర్ట్" బటన్ క్లిక్ బ్లాక్‌లోనే (నొక్కగానే నడిచే కోడ్ ముక్క) నెలరోజుల ఫైళ్ళు చదివేస్తారు, ఆ పని అయ్యేదాకా విండో కదలదు, టైటిల్‌లో నాట్ రెస్పాండింగ్ అని పడుతుంది, వాడేవాళ్ళు హ్యాంగ్ అయిందనుకుని కట్టేస్తారు. స్క్రీన్ గీసేది, క్లిక్ వినేది, మీ బ్లాక్ నడిపేది అంతా ఒకే లూప్ అండీ! దాన్ని మీరు పట్టుకు కూర్చుంటే మిగతావన్నీ ఆగాల్సిందే.

కాబట్టి బరువు పని కొత్త థ్రెడ్‌లో, అంటే ఆ లూప్ పక్కన విడిగా నడిచే దారిలో పెట్టాలి. అక్కడితో అయిపోలేదు, ఆ థ్రెడ్‌లోంచి లేబుల్‌ని గానీ టేబుల్‌ని గానీ నేరుగా ముట్టుకోవద్దు. ఇవాళ బాగానే నడుస్తుంది, రేపు ఎందుకు క్రాష్ అయిందో చెప్పకుండా పోతుంది, డీబగ్గర్‌లో పెడితే మళ్ళీ బాగానే ఉంటుంది. స్క్రీన్ మీద ఏది మార్చాలన్నా జీటీకే కింద ఉండే జీలిబ్ లైబ్రరీలోని ఐడిల్ యాడ్ బ్లాక్‌లో వేసి మెయిన్ లూప్‌కి అప్పజెప్పండి.

ఆ బ్లాక్ చివరి లైన్ ఫాల్స్ అయి తీరాలి. రూబీలో చివరి ఎక్స్‌ప్రెషన్ విలువే తిరిగి వెళ్తుంది కదా, చివర్లో లేబుల్‌కి టెక్స్ట్ ఇచ్చి వదిలేస్తే వెళ్ళేది స్ట్రింగ్, అంటే ట్రూ లెక్కే, ఇంకోసారి పిలవమని అర్థం. అదే లేబుల్‌ని ఆగకుండా రాస్తూ ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత మొదలవుతుంది, ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాదు.

పని మొదలవగానే బటన్‌ని డిసేబుల్ చేయండి, లేకపోతే జనం రెండుసార్లు నొక్కుతారు. మళ్ళీ ఎనేబుల్ చేసేది ఎన్‌ష్యూర్‌లోనే ఉండాలి, అదీ ఐడిల్ యాడ్ ద్వారానే, అప్పుడే మధ్యలో ఎర్రర్ వచ్చినా బటన్ చచ్చిపడి ఉండదు. టెస్ట్ చేసేటప్పుడు రూబీడబ్ల్యూతో నడపొద్దు, దానికి కన్సోల్ ఉండదు, థ్రెడ్‌లో వచ్చిన ఎర్రర్ మీకు కనిపించదు. రిపోర్ట్ నడుస్తుండగా విండోని మౌస్‌తో పట్టుకుని అటూ ఇటూ లాగండి, ఎక్కడా తడబడకుండా వస్తేనే పాస్. ఫైళ్ళు, డేటాబేస్ పనులకి థ్రెడ్ చాలు, ఉత్త లెక్కలే గంటలకొద్దీ ఉంటే ఒక్కసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే రూబీ లాక్ వల్ల థ్రెడ్ పెట్టినా స్క్రీన్ నత్తనడకే, దాన్ని వేరే ప్రాసెస్‌గా నడపండి.

చివరగా విండోస్ ఈఎక్స్‌ఈకి ఓక్రాన్ అనే ప్యాకింగ్ టూల్ వాడండి. అది ప్యాక్ చేసేటప్పుడు మీ యాప్‌ని ఒకసారి నడిపి ఏమేం లోడ్ అయ్యాయో చూసుకుంటుంది, అందుకని విండో తెరుచుకోగానే మూసేయకుండా అన్ని స్క్రీన్లూ, అన్ని రిపోర్టులూ ఒకసారి తిప్పి, అప్పుడు మూయండి.