ఇంటిల్లిపాదికీ గ్రంథాలయం అలవాటు చేయడం ఎలా?

పిల్లలకు చదువు మీద ఇష్టం పుట్టాలని వేలు పోసి పుస్తకాల సెట్టు కొని, హాల్లో గాజు బీరువాలో పెట్టి తాళం వేసే ఇళ్ళు తిరుపతిలో తక్కువేమీ లేవు. ఆ సెట్టు పని చేయదు. సొంత పుస్తకానికి గడువు లేదు కాబట్టి దాన్ని రేపు చదవొచ్చు, ఎల్లుండీ చదవొచ్చు. గ్రంథాలయం పుస్తకానికి మాత్రం అట్ట లోపల తేదీ ముద్ర ఉంటుంది. ఇక్కడ చెప్పే పద్ధతి మొత్తం ఆ తేదీ మీదే నడుస్తుంది.

కావలసినవి

గుడ్డ సంచి, పొడుగు నోటుబుక్కు, పెన్సిలు, కత్తిరించిన కాగితం చీటీలు. ప్లాస్టిక్ కవరు వద్దు, పుస్తకం మూలలు మడత పడతాయి. అంతే.

సభ్యత్వం

మీకు దగ్గరున్న శాఖా గ్రంథాలయానికి ఆధార్ నకలు, ఫోటోలు తీసుకుని వెళ్ళండి. దరఖాస్తు నింపి డిపాజిట్ కట్టాలి. సభ్యత్వం వదులుకున్నప్పుడు ఆ డబ్బు తిరిగి ఇస్తారు, రసీదు దాచుకోండి. హామీ సంతకం అడిగితే ఎవరిది పనికొస్తుందో అక్కడే కనుక్కోండి. ఇంటికంతా ఒకటే కార్డు చాలనుకోవద్దు. మనిషికొకటి ఉండాలి, పిల్లలకు వాళ్ళ పేరు మీదే ఉండాలి. నాన్న కార్డు మీద తెచ్చింది నాన్న పుస్తకమే అవుతుంది.

‘ఊరికే ఇచ్చే చోట ఏముంటాయిలే’ అనేవాళ్ళు ఇంటి పన్ను రసీదు తీసి చూడాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నారు. డబ్బు కట్టేసి సరుకు తెచ్చుకోకపోవడం ఏం లెక్కో మరి.

మొదటిసారి వెళ్ళడం

వారపు సెలవు శుక్రవారం ఉండటం మామూలు, కాబట్టి ఆదివారం పొద్దున కుదురుతుంది. వేళలు గేటు దగ్గర బోర్డు మీద చూసుకోండి. సాయంత్రాలు రీడింగ్ రూమ్ నిండా డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివేవాళ్ళుంటారు. చిన్నపిల్లలు గట్టిగా ఒక మాటన్నా పది తలలు లేస్తాయి, ఆ పిల్లలు మళ్ళీ రామంటారు. మొదటిసారి అరగంట మించి ఉండొద్దు.

కథల పుస్తకాలు తరచు బీరువాల్లో తాళం వేసి ఉంటాయి. అద్దంలోంచి చూసి వచ్చేయకండి. లైబ్రేరియన్‌ని అడిగితే తీస్తారు. అడిగేవాళ్ళు లేకే ఆ తాళాలు తుప్పు పడుతున్నాయి.

ఎవరి పుస్తకం వాళ్ళే ఎంచుకోవాలి. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసిన గ్రంథాలయ సూత్రాల్లో రెండోది ఇదే: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. పదేళ్ళ పిల్లాడి చేతిలోంచి దెయ్యాల కథలు లాగేసి వ్యక్తిత్వ వికాసం పెట్టే తండ్రి పని అక్కడితో చెడింది. పిల్లలకు ఒక పరీక్ష చాలు: మధ్యలో ఏదో పేజీ తెరిచి చదవమనండి, తెలియని మాటలు అయిదు దాటితే ఆ పుస్తకం ఈసారికి వద్దు.

ఇంగ్లీషు మీడియం పిల్లలు ఒత్తుల దగ్గర తడబడతారు. పన్నెండేళ్ళ పిల్లకు పెద్దక్షరాల బొమ్మల పుస్తకం ఇస్తే నామోషీ పడుతుంది. ‘చెల్లికి నువ్వు చదివి వినిపించాలి’ అని అదే పుస్తకం తెప్పించండి, మారు మాట్లాడకుండా చదువుతుంది. చిత్తూరు, నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు తమిళ పుస్తకం దొరికితే అదే తెచ్చుకోవచ్చు, దానివల్ల తెలుగుకు వచ్చిన లోటేమీ లేదు.

ఇవి కాక, అందరికీ కలిపి ఒక కథల సంపుటి తీసుకోండి. నవల వద్దు, ఒకరోజు తప్పితే దారం తెగుతుంది. తిరుపతి, చిత్తూరు వైపు మనుషులు కనిపించే కథలైతే మరీ మంచిది. మధురాంతకం రాజారాం, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు వంటివాళ్ళ పేర్లు చెప్పి అడగండి.

చదివి వినిపించడం

చాలా ఇళ్ళలో పని చెడేది ఇక్కడే. పుస్తకం తెచ్చినంత మాత్రాన ఇంట్లో చదువు రాదు, రోజూ ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్ళు వినాలి. తేలిగ్గా కనిపిస్తుంది గానీ తేలిక కాదు.

వేళ ముందు తేల్చుకోండి. అవ్వ చూసే సీరియల్‌తో పోటీకి దిగితే ఓడిపోతారు. అది అయ్యాక, అన్నాలు తిన్నాక, పక్కలు వేయకముందు పదిహేను నిమిషాలు. ఫోన్లన్నీ ఇంకో గదిలో చార్జింగ్‌లో ఉండాలి, చదివే మనిషిది కూడా. మామూలు కథల పుస్తకంలో ఒక పేజీ పైకి చదవడానికి రెండు, రెండున్నర నిమిషాలు పడుతుంది. అంటే రోజుకు ఆరేడు పేజీలు. మొదటిరోజు హుషారులో గంటసేపు చదివితే రెండో రోజు ఎవరూ రారు.

ముందుగా ఆ పేజీలు మీరొక్కరే కళ్ళతో చదువుకోండి. ఈ పని ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, ‘అన్నాడు’, ‘అరిచింది’, ‘గొణిగాడు’ అన్నీ మాట పూర్తయ్యాకే వస్తాయి. ముందు చూసుకోకపోతే గొణుగుడును కేకలా, కేకను గొణుగుడులా చదివేసి, చివర్లో నాలుక కరుచుకోవాలి. రెండుసార్లు అలా జరిగితే వినేవాళ్ళకు ఎవరు మాట్లాడుతున్నారో అందదు. ఏ మాట ఎవరిదో చీటీ మీద రాసి పేజీలో పెట్టుకోండి. పుస్తకం మీద గీతలు గీయకండి, అది మీది కాదు.

చదివేటప్పుడు మీకు మరీ నెమ్మదిగా అనిపించే వేగమే సరైన వేగం. గొంతులు మార్చి నాటకం ఆడనక్కర్లేదు, మనిషి మారినప్పుడు చిన్న విరామం ఇస్తే చాలు. కష్టమైన మాట వస్తే ఆగి అర్థం చెప్పకండి. అదే ఊపిరిలో తెలిసిన మాట ఇంకోటి జోడించి సాగిపోండి. యాస ఉన్నచోట యాస ఉన్నట్టే చదవండి. దాన్ని పుస్తకాల భాషలోకి దిద్దితే కథ రుచి పోతుంది, పైగా తన మాట తప్పుమాటేమోనని అవ్వకు అనుమానం వస్తుంది.

తర్వాత నోరు కట్టేసుకోవాలి, పెద్దవాళ్ళకు ఇది మహా కష్టం. కథ అవగానే ‘దీనివల్ల నీతి ఏమి?’ అని అడగొద్దు. ‘అర్థమైందా?’ అని కూడా వద్దు. చివర్లో ప్రశ్న వస్తుందని తెలిసిన పిల్ల కథ వినదు, జవాబు వెతుకుతుంది. వారం తిరగకుండా కథవేళ కాస్తా ట్యూషన్ వేళ అవుతుంది. ఏదో ఒకటి అనకుండా ఉండలేకపోతే మీకు నచ్చిన ఒక్క సంగతి చెప్పి లేచిపోండి. పిల్లలే అడిగితే అడిగినంత మేరకే చెప్పండి.

ఆపే చోటు కూడా ముందే చూసుకోవాలి. కథ పూర్తయ్యేచోట కాకుండా తలుపు చప్పుడైన చోట, ఉత్తరం విప్పబోయే చోట ఆపండి. పుస్తకాన్ని బీరువా ఎక్కించకుండా మంచం మీదో దివాన్ మీదో వదిలేయండి. మర్నాడు పొద్దున దాని చోటు మారి ఉంటే ఎవరు తీశారని ఆరా తీయొద్దు.

మధ్యలో అవ్వ ‘మా ఊళ్ళో కూడా ఇట్నే ఒకాయన’ అని మొదలు పెడుతుంది. ‘ఉండవ్వా, కతైపోనీ’ అనకండి. పుస్తకంలో వేలు పెట్టుకుని వినండి. ఆ రోజు రెండు పేజీలే సాగినా నష్టం లేదు. చెవి సరిగా వినిపించని వాళ్ళుంటే బాగా వినిపించే చెవి వైపు కూర్చుని చదవండి. గొంతు పెంచితే మాట అదురుతుంది తప్ప స్పష్టం కాదు. లైటు మీ వెనకనుంచి పేజీ మీద పడాలి.

రెండు మూడు వారాలకు ఎవరో ఒకరు తామూ చదువుతామంటారు. మొత్తం పేజీ ఇవ్వకండి, ఒక పాత్ర మాటలు మాత్రం ఇవ్వండి. శ, ష, స తేడాలు, ణ బదులు న, ఇవి వదిలేయండి. అర్థం మారితేనే సరైన మాట మెల్లగా అందించండి. మూడు రాత్రులు చదివినా ఎవరికీ పట్టని కథను దాటేయండి.

ఆడియో యాప్ పెడితే సరిపోదా అంటారు. అవ్వ నోరు తెరిచిందని యాప్ తనంతట తాను ఆగదు. పుస్తకానికింత అని డబ్బులివ్వడం అంతకన్నా చెడ్డది. పిల్లలు లెక్కలు రానివాళ్ళు కాదు, అన్నిటికన్నా పలచటి పుస్తకాలు ఏరుకొస్తారు. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల పోటీలకు పంపండి గానీ, ప్రైజు కోసం ఇంట్లో కథవేళ ఆపకండి.

తిరిగి ఇవ్వడం

నోటుబుక్కులో నాలుగు గడులు: పేరు, పుస్తకం, తెచ్చిన తేదీ, ఇవ్వాల్సిన తేదీ. ‘నచ్చిందా’ అనే గడి వద్దు. గడువు సాధారణంగా రెండు వారాలుంటుంది, ముద్రే ప్రమాణం. గడువుకు రెండు రోజుల ముందే అందరూ కలిసి వెళ్ళండి, లేకపోతే ఆఖరిరోజు సెలవు తగులుతుంది. సగమే చదివిన పుస్తకాన్ని వేరెవరూ అడగకపోతే మళ్ళీ రాయించుకోవచ్చు. ఆలస్యమైతే జరిమానా ఎవరి కార్డు మీద పడితే వాళ్ళ చేత్తోనే కట్టించండి, పిల్లలైనా సరే.

పుస్తకం పోతే వెంటనే చెప్పండి. అదే పుస్తకం కొని ఇమ్మంటారు, లేదా వెల కట్టమంటారు. పేజీ చిరిగితే సెల్లో టేపు అంటించకండి. కొన్నేళ్ళకు జిగురు పసుపెక్కి, అక్షరాలను మింగేసి, టేపు మాత్రం ఊడిపోతుంది. చిరుగు దగ్గర చీటీ పెట్టి, ఇచ్చేటప్పుడు లైబ్రేరియన్‌కు చూపించండి, బైండింగ్‌కు పంపేవాటిలో చేరుస్తారు.