శవాన్ని లేపే ముందు ఎవరిని అడగాలి? కొత్త డీఎమ్‌లకు కొన్ని మాటలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కో పాత్రగా కథ ఆడే ఆట ఉంది. దాన్ని నడిపే డీఎమ్‌లకి (డంజన్ మాస్టర్లకి) ఈ గొడవ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. విజార్డ్ (మంత్రగాడి పాత్ర) ఆడే కుర్రాడు ఐదో లెవెల్‌కి రాగానే శవాల్ని లేపే యానిమేట్ డెడ్ స్పెల్ తీసుకుని, చచ్చిన బందిపోట్లని లేపి మూటలు మోయిస్తానంటాడు. క్లెరిక్ (పూజారి పాత్ర) ఆడే అమ్మాయి ‘పాపం కదా’ అంటుంది. ‘చచ్చినవాడికి నొప్పేంటి?’ అని వీడు. ఇక అందరూ డీఎమ్ మొహం చూస్తారు. నేను చిలకలగూడలో ఆదివారాలు ఆట నడుపుతాను. మిగతా వారమంతా ఐసీయూలో నర్సు ఉద్యోగం. కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

రూల్‌బుక్ తెరిచి తేల్చేద్దామంటే కుదరదు. ఆ పుస్తకాలే మాట మారుస్తూ వచ్చాయి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో అస్థిపంజరాలు, జాంబీలు (లేచి నడిచే శవాలు) న్యూట్రల్, అంటే మంచీ కాదు చెడూ కాదు. 2003లో 3.5 ఎడిషన్ వచ్చేసరికి అవే ఈవిల్ (చెడ్డవి) అయిపోయాయి, బుర్ర మాత్రం రెండింట్లోనూ లేదు. గాయాలు మాన్పే స్పెల్స్ మొదట్లో నెక్రోమాన్సీ, అంటే చావుబతుకుల మంత్రాల వర్గం కిందే ఉండేవి. తర్వాత కాంజ్యురేషన్‌కి, 2014లో ఎవొకేషన్‌కి, 2024లో అబ్జ్యురేషన్‌కి, ఇలా వేరే వర్గాలకి మారాయి. 3.5లో డెత్‌వాచ్ అని ఒక స్పెల్ ఉంది. ఎవరు చావుకి ఎంత దగ్గరగా ఉన్నారో చూపిస్తుంది, అంతే. దానికీ ఈవిల్ ముద్ర వేశారు. ఆ లెక్కన మానిటర్ల ముందు రాత్రంతా కూర్చునే మేమంతా దుర్మార్గులమే! ఇలాంటిదే మరో ఆట పాత్‌ఫైండర్ వాళ్ళు 2023లో అలైన్‌మెంటే, అంటే ఈ మంచి-చెడు ముద్రే తీసేశారు. నేనూ తీసేయమనే చెప్తాను.

మొదట చేయాల్సిన పని, శక్తిని వేరుగా, దాంతో చేసే పనిని వేరుగా చూడడం. ప్రాణశక్తి మంచిది, మృత్యుశక్తి చెడ్డది అని ప్లేయర్ల మనసులో పడిపోయి ఉంటుంది. అది పోవాలంటే ప్రాణశక్తితోనే ఒకసారి భయపెట్టండి. 3.5లో ప్రాణశక్తి నిండిన పాజిటివ్ ఎనర్జీ ప్లేన్ అనే లోకానికి వెళ్తే గాయాలు వాటంతటవే మానిపోతాయి, టెంపరరీ హిట్ పాయింట్లు (ఒంట్లో ప్రాణం ఎంతుందో చెప్పే లెక్క) పెరుగుతూనే ఉంటాయి. అవి మామూలు హిట్ పాయింట్లని దాటాయంటే ప్రతి రౌండూ సేవ్ చేయాలి, అంటే తట్టుకున్నాడో లేదో పాచిక వేసి చూడాలి. తప్పితే మనిషి పేలిపోతాడు. ఇందులో నాకు వింతేమీ కనపడదు, ఆక్సిజన్ కూడా మోతాదు మించితే ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. మా ఆటలో ఒక దిగుడుబావి పెట్టాను. నీళ్ళు తాగితే పుండు మానుతుంది, దాంతోపాటు ఒంట్లో గడ్డలూ పెరుగుతాయి. ఊళ్ళోవాళ్ళు దాన్ని దేవత అంటారు, పక్క ఊరివాళ్ళు దయ్యమంటారు.

తర్వాత శవం సంగతి. ప్రతి ఊరికీ రెండు వాక్యాలు రాసిపెట్టుకోండి: ఇక్కడ చచ్చినవాళ్ళని ఏం చేస్తారు, ప్రాణం ఎక్కడికి పోతుందనుకుంటారు. హైదరాబాద్‌లో ఏ టేబుల్ దగ్గరైనా కాల్చే ఇళ్ళవాళ్ళు, పూడ్చే ఇళ్ళవాళ్ళు పక్కపక్కనే కూర్చుంటారు. ఎముకలు లేస్తాయంటే ఇద్దరికీ ఒకేలా గుచ్చుకోదు. పైగా కాల్చే ఊళ్ళో నెక్రోమాన్సర్‌కి (శవాల్ని లేపే మంత్రగాడికి) దొరికేది ఎవరు? పసిపిల్లలు, సన్యాసులు, ఏట్లో కొట్టుకుపోయి ఎవరికీ దొరకనివాళ్ళు. ఆ జాబితా రాసుకున్నారంటే కథ సగం తయారైనట్టే.

ప్రాణం విషయంలో మన కథలే రెండు దారులు చూపిస్తాయి. విక్రమార్కుడు భుజాన మోసిన శవంలో ఉన్నది బేతాళుడు, చచ్చినవాడు కాదు. కచుడి విషయంలో లేచింది కచుడే. మీ ప్రపంచంలో జాంబీ బేతాళుడి లాంటిదైతే జరిగింది శవానికి అవమానం, బంధువులకి అన్యాయం. చచ్చినవాడి ప్రాణాన్నే పట్టి ఎముకల్లో కూర్చోబెడితే అది వెట్టిచాకిరీ. రెంటికీ ఒకే శిక్ష వేయకండి. ఐదో ఎడిషన్‌లో చచ్చినవాళ్ళని బతికించే రెయిజ్ డెడ్ స్పెల్ పని చేయాలంటే ఆత్మ ఒప్పుకోవాలి. యానిమేట్ డెడ్ ఎవరినీ అడగదు. నా తీర్పంతా ఇక్కడే ఉంది. మా వార్డులో ఎమర్జెన్సీ అయితే తప్ప సంతకం లేకుండా పెద్ద ప్రొసీజర్ ఏదీ మొదలుపెట్టరు, ఆటలోనూ అదే పెట్టాను. క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) మొదలయ్యే ముందే ప్రతి ప్లేయరూ కార్డు మీద రాసివ్వాలి: చచ్చిపోతే నన్ను వెనక్కి తేవచ్చా? నా ఎముకలు వాడుకోవచ్చా? ‘తేవద్దు’ అని రాసిన పాలడిన్ (ధర్మం కోసం పోరాడే యోధుడి పాత్ర) చచ్చిపోయినప్పుడు టేబుల్ దగ్గర జరిగిన వాదన ఏ డ్రాగన్ ఫైట్‌లోనూ జరగలేదు.

ఖర్చు దగ్గర మాత్రం బాగా ఆగండి. ఐదో ఎడిషన్‌లో చచ్చినవాళ్ళని బతికించే స్పెల్స్‌లో రివివిఫైకి 300 గోల్డ్ (ఆటలోని బంగారు నాణేలు) విలువ చేసే వజ్రాలు, రెయిజ్ డెడ్‌కి 500, రిసరెక్షన్‌కి 1000. స్పెల్ వేయగానే ఆ వజ్రం మాయం. గోల్కొండ ఉన్న ఊళ్ళో ఉంటూ దీన్ని ఊరికే వదిలేస్తే ఎలా? గోల్కొండ వజ్రాల బజారుకి రాళ్ళు కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గనుల నుంచి వచ్చేవి, అక్కడ తవ్వినవాళ్ళు కూలీలు. మీ ఆటలోనూ వజ్రాన్ని ఎవరో తవ్వాలి. గని కూలిపోయి చచ్చిన కూలీని లేపడానికి ఆ గని వజ్రం ఎవరూ ఇవ్వరు, జమీందారు కొడుకుని లేపడానికి ఇస్తారు. జాంబీని చూసి మొహం తిప్పుకున్న క్లెరిక్‌ని ఒకసారి ఆ గనికి పంపండి. ‘మంచి’ స్పెల్ వెనక ఎన్ని చావులున్నాయో అక్కడ తనే లెక్కేసుకుంటుంది.

ఇవన్నీ తేల్చుకున్నాక ఒక పరీక్ష పెట్టి చూడండి. 1908 సెప్టెంబర్‌లో మూసీకి వచ్చినట్టు మీ ఊహల ఊరికీ వరద వచ్చింది. వేలమంది పోయారు. మళ్ళీ వాన వచ్చేలోపు కట్ట కట్టాలి, బతికినవాళ్ళు సరిపోరు. మునిగిపోయినవాళ్ళని లేపి కట్ట కట్టిస్తానని నెక్రోమాన్సర్ వచ్చాడు, డబ్బు కూడా అడగలేదు. జవాబు మీరు చెప్పకండి. రూల్ మాత్రం గుర్తుపెట్టుకోండి: ఇరవై నాలుగు గంటల్లోపు మళ్ళీ స్పెల్ వేయకపోతే అవి మాట వినవు. అతనికి జ్వరం వచ్చిన రోజు ఆ వేలమందినీ ఎవరు ఆపుతారని ఒక ప్లేయరైనా అడగాలి. అడగకపోతే జ్వరం తెప్పించండి.

ఒక్కటి మాత్రం వద్దు. నెక్రోమాన్సర్‌కి లోకల్ టచ్ ఇద్దామని బాణామతి చేసే ముసలమ్మని విలన్‌గా పెట్టకండి. తెలంగాణ ఊళ్ళల్లో ఆ అనుమానంతో నిజం మనుషుల్నే కొట్టారు, చంపారు. మీ విలన్ చదువుకున్నవాడు, పదవిలో ఉన్నవాడు అయితే కథకీ బలం.

సెషన్‌కి ముందు ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టి, ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయారా అని కనుక్కోండి. గ్రూప్‌లో అడగొద్దు, అక్కడ ఎవరూ చెప్పరు. ఎవరైనా అవునంటే ఆ నెల నేను శవాల కథ పక్కన పెట్టి గోబ్లిన్లని దింపుతాను. ఎందుకు మార్చానో మిగతావాళ్ళకి చెప్పను.