రెండేళ్ల పిల్లలకి బైబిల్ కథలు: దూది, చపాతీ పిండి, కొబ్బరి చిప్ప ఉంటే చాలు

మొదటిసారి ఈ క్రాఫ్ట్ పని పెట్టుకున్నప్పుడు మొత్తం నేనే చేశానండి. రాత్రి పన్నెండింటి దాకా ఫోన్లో చూసి చూసి నోవహు ఓడ బొమ్మ ప్రింట్ తీయించి, ఏనుగులు జిరాఫీలు అన్నీ జతలు జతలుగా కత్తిరించి పెట్టుకుని, పొద్దున్నే మా బుడ్డోడి ముందు పరిచా. వాడు ఫెవికాల్ మూత ఊడబీకి మంచం కిందకి దొర్లించాడు, ఒక జిరాఫీ తల నమిలాడు, లేచి వాళ్ల నాయనమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పటికి వాడికి రెండేళ్ల మూడు నెలలు. ఆ వయసు పిల్లాడికి పద్నాలుగు ముక్కల ఓడ ఎందుకు చెప్పండి, అది నా సరదా, వాడిది కాదు.

అప్పట్నుంచి నేను పాటించేది ఒక్కటే, కథకి ఒక వస్తువు, ఒక మాట. వస్తువు వాడి చేతిలో ఉండాలి, మాట వాడి నోట్లో తిరగాలి. మిగతా కథంతా మనం చెప్పుకుంటూ పోతాం, వింటే వింటాడు లేకపోతే లేదు.

మాట ఎందుకంటున్నానంటే, మన తెలుగు బైబిల్ భాష పిల్లలకి అస్సలు ఎక్కదు. "విచిత్రమైన నిలువుటంగీ" అని చదివితే మా ఆయనే ఏంటది అని అడిగారు, యోసేపు చొక్కా అని చెప్తే ఓహో అన్నారు. అందుకని కథ మొత్తం ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చెప్పండి, కానీ ఒక్క మాట మాత్రం బైబిల్లో ఉన్నది ఉన్నట్టు వదిలేయండి. జమ్ముపెట్టె, గంప, ఓడ, మేడిచెట్టు, ఇలాంటివి. తర్వాత చర్చిలో ఆ మాట వినపడితే పిల్లలు టక్కున తల తిప్పుతారు. మొన్న అయ్యగారు ప్రసంగంలో "గంపలు" అనగానే మావాడు బెంచీ మీద నిలబడి "అమ్మా, గంప!" అని అరిచాడు, అందరూ వెనక్కి తిరిగారు, సిగ్గేసింది గానీ లోపల ఎంత సంతోషమో.

సామాన్ల కోసం షాపులకి పరిగెత్తొద్దు. పాత శుభలేఖలు దాచుకోండి, ఆ అట్ట అంత గట్టిగా కొన్న ఛార్ట్ కూడా ఉండదు. దూది, పాత న్యూస్ పేపర్లు, కొబ్బరి చిప్పలు, గోనె సంచి ముక్క, చపాతీ పిండి. రంగులకి పసుపు, బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు, దొడ్లో బచ్చలి తీగ ఉంటే దాని పండ్లు (ఊదా రంగు భలే వస్తుంది, బట్టలకి అంటితే మాత్రం పోదు, పాత బనీను వేసి కూర్చోబెట్టండి). జిగురు ఇంట్లోనే కాచుకోవచ్చు. రెండు స్పూన్ల మైదా అర గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే రెండు మూడు నిమిషాల్లో చిక్కబడుతుంది, చల్లారాక వాడుకోవడమే. నిలవ ఉండదు, మన ఎండలకి రెండో రోజుకే వాసనొస్తుంది, చీమలు కూడా పడతాయి. బైండింగ్ చేసేవాళ్లు, గోడల మీద పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు, మా అత్తయ్య కూడా కొంచెం వెయ్యమంది, పిల్లలున్న ఇంట్లో అది మాత్రం వద్దు, విషం అది. గుండీలు, పూసలు, చింతగింజలు, బఠాణీలు కూడా మూడేళ్ల లోపు పిల్లలకి ఇవ్వొద్దు, నోట్లో పట్టేది ఏదైనా నోట్లోకే పోతుంది, ఒక్కోసారి ముక్కులోకి కూడా.

టైము పొద్దున టిఫిన్ అయ్యాక పది నిమిషాలు, అంతే. ఎండాకాలం విజయవాడలో తొమ్మిది దాటితే ఫ్యాన్ లేకుండా కూర్చోలేం, ఫ్యాన్ వేస్తే దూది, కాగితాలు ఇల్లంతా ఎగురుతాయి, ఈ బాధ ఆ వీడియోలు చేసేవాళ్లకి ఉండదనుకుంటా, వాళ్లకి ఏసీ ఉంటుంది. కాబట్టి ఎనిమిది లోపల కానిచ్చేయండి.

మొదలు పెట్టేవాళ్లకి మోషే కథ బెస్ట్ అని నా అభిప్రాయం. నిర్గమకాండం రెండో అధ్యాయంలో వాళ్లమ్మ జమ్ముపెట్టెకి (నీళ్ల ఒడ్డున పెరిగే జమ్ముగడ్డితో అల్లింది) జిగటమన్ను, కీలు (తారు లాంటిది) పూసి బాబుని అందులో పడుకోబెట్టి ఏటి ఒడ్డున జమ్ములో పెట్టింది అని ఉంటుంది. ఆ పూయడం ఉంది చూశారూ, అదే మన క్రాఫ్ట్. సగం కొబ్బరి చిప్ప ఇచ్చి, చపాతీ పిండి ముద్ద చేతికిచ్చి లోపలంతా పూయమనండి. నీళ్లు లోపలికి రాకూడదు కదా, బాబు తడిసిపోతాడు కదా అంటే ఎంత శ్రద్ధగా మెత్తుతారో. బాబుకి చిన్న గుడ్డముక్క మడిచి దారం కట్టినా చాలు. తర్వాత టబ్బులో జానెడు నీళ్లు పోసి వదలడమే, తేలుతుంది. జమ్ము అంటే ఏంటో చూపించాలంటే మనకి కష్టమే లేదు, ఊళ్లో మూడు కాలవలున్నాయి, ఏ కాలవ గట్టు మీదకెళ్లినా ఎక్కడో ఒకచోట కనపడుతుంది, బండి ఆపి చూపించండి. బాబు వాళ్లక్క దూరంగా నిలబడి చూస్తూ ఉంటుంది కదా, ఆ భాగం ఆడించండి, పిల్లల్ని తలుపు చాటున నిలబెట్టి "తమ్ముడు ఏం చేస్తున్నాడో చూడు" అంటే మా ఇంట్లో పదిసార్లు ఆడాం. ఫరో మగపిల్లల్ని నదిలో పడేయమన్న సంగతి ఈ వయసులో చెప్పక్కర్లేదు, "రాజుగారికి కోపం వచ్చింది, అందుకని దాచిపెట్టింది" అంటే సరిపోతుంది. ఇంకో మాట, ఆట అయ్యాక టబ్బు వెంటనే ఒంపేయండి, ఫోన్ మోగినా సరే నీళ్ల దగ్గర పిల్లాణ్ణి వదిలి లేవొద్దు.

తప్పిపోయిన గొర్రె కథకి శుభలేఖ అట్ట మీద గొర్రె ఆకారం గీసి జిగురు రాసి ఇవ్వండి, దూది వాళ్లే అంటిస్తారు. వంకరగా అంటిస్తారు, మొహం మీద కూడా అంటిస్తారు, సరిచేయకండి. లూకా పదిహేనులో నూరు గొర్రెలు, మనం మూడు చేస్తే చాలు, మూడు దాకా లెక్క వచ్చుగా. రాత్రి పడుకున్నాక ఒకటి తీసి దివాన్ కింద దాచేయండి. పొద్దున్నే "ఒకటి, రెండు... ఇంకోటేదీ?" అని ఇల్లంతా వెతకడమే కథ. దొరికాక కాపరి దాన్ని భుజం మీద వేసుకుని వచ్చాడు అని పిల్లల్నే భుజాన వేసుకుని ఇల్లంతా తిప్పండి, నడుం నొప్పి ఉంటే ఆ డ్యూటీ నాన్నకి ఇచ్చేయండి.

అయిదు రొట్టెలు రెండు చేపలకి వేరే సమయం కూడా అక్కర్లేదు, చపాతీలు చేసేటప్పుడే. అయిదు చిన్న ఉండలు ఇచ్చి అరచేత్తో నొక్కమనండి, పెనం మీద మనం కాల్చిపెట్టాలి. చేపలు కూడా పిండితోనే, తోక ఒకటి లాగితే చాలు చేపే. ఒక బాబు క్యారేజీ తెచ్చుకున్నాడు, అందులో ఇవే ఉన్నాయి, వాడు యేసయ్యకి ఇచ్చేశాడు, అయిదువేల మంది తిన్నారు, ఇంకా పన్నెండు గంపలు మిగిలాయి. మావాడికి అద్భుతం కంటే ఆ చేప వేపుడా పులుసా అన్నదే పెద్ద డౌటు. కాల్చిన రొట్టెలు నాయనమ్మకి, తాతయ్యకి, పనిచేసే అత్తకి పంచి పెట్టించండి, ఆ పంచడంలోనే కథ ఎక్కేస్తుంది.

జక్కయ్యకి పెద్ద పనేం లేదు. మన బైబిల్లో ఎక్కింది మేడిచెట్టు, న్యూస్ పేపర్ చుట్టి మాను చేయండి, ఆకులకి అరచేతి ముద్రలు. పొట్టివాడు కాబట్టి యేసయ్యని చూడ్డానికి చెట్టెక్కాడు అంటే పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది, వాళ్లూ రోజంతా ఏదో ఒకటి అందక ఎక్కుతూనే ఉంటారు.

సృష్టి కథలో మొదటి రోజుకి క్రాఫ్ట్ కూడా వద్దు, కరెంట్ పోయినప్పుడు చెప్పండి. చీకట్లో కూర్చుని "దేవుడు వెలుగు కమ్మని పలికాడు" అని టార్చి వాళ్ల చేతికిచ్చి నొక్కమనండి. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో కరెంట్ వచ్చినప్పుడల్లా మావాడు "వెలుగు కలిగెను" అంటాడు, కింద ఫ్లోర్ వాళ్ల పిల్లాడు కూడా నేర్చుకున్నాడు.

ఇక నోవహు. అందరూ పిల్లలకి మొదట చెప్పేది ఇదే, నేను మాత్రం చివరికి పెట్టా, కారణముంది. మా అక్కవాళ్లది విజయవాడలోనే సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు వాళ్లు కింద ఇంట్లోంచి మేడ మీదకెక్కి రెండు రాత్రులు అక్కడే ఉన్నారు, తర్వాత బోటులో బయటికొచ్చారు. అక్క కూతురికి అప్పుడు మూడేళ్లు. ఆ తర్వాత చాన్నాళ్లు గట్టిగా వానొస్తే చాలు వాళ్లమ్మ చీర కొంగు వదిలేది కాదు. అలాంటి పిల్లకి "వాన పడింది పడింది, అందరూ మునిగిపోయారు" అని నవ్వుతూ ఎలా చెప్తాం? మన ఊళ్లో ఇలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు, మీ ఇంటికొచ్చే పక్కింటి పిల్ల కూడా అయ్యుండొచ్చు, ముందు కనుక్కోండి.

నేను ఎలా చెప్పానంటే, వానతో కాదు, ఓడతో మొదలుపెట్టా. ఎవరెవరు ఎక్కారు, ఎక్కడ పడుకున్నారు, ఏనుగుకి అన్నం ఎవరు పెట్టారు. ఓడకి బిస్కెట్ల అట్టపెట్టె ఒకటి, దానికి లోపలా బయటా కీలు పూయాలి (ఆదికాండం ఆరులో అలాగే ఉంది, లోపటను వెలుపటను అని), మావాడు వెంటనే "మోషే పెట్టెకి లాగా?" అన్నాడు, నేను కూడా అప్పటిదాకా ఆ రెండూ కలిపి ఆలోచించలేదు. పెద్ద పిల్లలుంటే ఓడ కొలత కూడా చెప్పొచ్చు, మూడువందల మూరల పొడుగు, మూర అంటే మన చేత్తో కొలిచి చూపించొచ్చు, వరండా మొత్తం పాకుతూ కొలిచినా ముప్పై కూడా రావు, అప్పుడు నోళ్లు తెరుస్తారు.

వాన గురించి ఒక్క వాక్యమే చెప్పా, "చాలా వానొచ్చింది, ఓడ తేలింది, లోపల అందరూ బాగున్నారు" అని. ఎక్కువసేపు పావురం దగ్గర ఆగా. కాగితం మడిచి పావురం చేసి దాని ముక్కుకి ఒక ఆకు అంటించి ఇవ్వండి. అందరూ తెల్ల పావురం చేస్తారు గానీ మన తెలుగు బైబిల్లో నల్ల పావురం అనే ఉంటుంది, బొగ్గు పూసుకోండి, పిల్లలకి ఇంకా ఇష్టం. మా అక్క కూతురు పావురాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి "ఇది అన్నం ప్యాకెట్ తెచ్చిందా పిన్నీ" అంది. అప్పుడు డ్రోన్లతో మేడల మీదకి అన్నం ప్యాకెట్లు దింపారు కదా, దానికి అది గుర్తొచ్చింది. ఆకు తెచ్చింది తల్లీ, నీళ్లు తగ్గాయని చెప్పడానికి అన్నా. "మాకూ తగ్గాయి" అంది. అంతే, ఇంకేం అడగలేదు, ఆ పూట ఇంద్రధనుస్సు కూడా చేయలేదు, మర్నాడు ఏడు సుద్దముక్కలు ఇచ్చి మేడ మీద గీయించా. మేడ మీదే ఎందుకంటే అది అప్పుడు కూర్చున్నది కూడా మేడ మీదే కాబట్టి, నాకు అలా అనిపించింది.

జంతువులకి కొండపల్లి బొమ్మలు వాడొచ్చా అని అడుగుతారు కొందరు, చూపించడానికి బాగుంటాయి, అవి చేసే పొణికి కర్ర తేలిక కూడా, కానీ రంగులు వేసినవి కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు దాటేదాకా అల్మరాలోంచే చూపించండి.

గొల్యాతు తల నరకడం, ఇస్సాకుని బలిపీఠం మీద పడుకోబెట్టడం, ఇవి నాలుగైదేళ్లు దాటాక చూసుకుందాం. మట్టల ఆదివారానికి కొబ్బరాకు ఒకటి చేతికిచ్చి హోసన్నా అనిపిస్తే చాలు.

రోజుకో కొత్త కథ అని కంగారు పడకండి, ఒకటే కథ వారం పది రోజులు నడిపినా వాళ్లకి విసుగు రాదు, మనకే వస్తుంది. చేసినవి ఫ్రిజ్ మీద అంటించుకోండి, మైదా జిగురు పూసినవి మాత్రం రాత్రికి తీసేయండి, పొద్దున లేచేసరికి చీమల బారు ఉంటుంది. కొబ్బరి చిప్ప కడిగి ఎండబెట్టి దాచండి. నేను మొదటిది చెత్తలో పడేశా, సాయంత్రం "బాబేడీ?" అని మొదలుపెట్టి ఇంకో కాయ కొట్టేదాకా ఊరుకోలేదు.