ఓడ జ్ఞాపకాల్లో ఏడాది కలవకపోతే

పదిహేనేళ్లకే ఈస్టిండియా కంపెనీ ఓడెక్కినవాళ్లు ముసలితనంలో రాసుకున్న జ్ఞాపకాలు వలస పాలన చరిత్రకు ఎంతో పనికొస్తాయి, కానీ తేదీలే కలవవు.

పుస్తకంలో చెప్పిన ఏడాదిని పట్టుకుని వేలాడకండి. ఓడ పేరు, కెప్టెన్ పేరు, ఆగిన ఒక రేవు, ఈ మూడే రాసుకుని, ఆ ఏడాదికి అటూ ఇటూ ఐదేళ్ల లాగ్‌బుక్కుల్లో, అంటే ఓడలో రోజువారీ వివరాలు రాసే పుస్తకాల్లో, మూడూ కుదిరే ప్రయాణం వెతకండి. అవి బ్రిటిష్ లైబ్రరీలో, ఎల్/మార్/బి (L/MAR/B) అనే కేటలాగు గుర్తున్న వరుసలో ఉన్నాయి. రోజుల తరబడి సాగిన వెతుకులాట నాకు ఇలా ఒక పూటలో తేలింది.

జాగ్రత్త, పాత లాగ్‌బుక్కుల్లో రోజు మధ్యాహ్నం 12కే మొదలవుతుంది. సోమవారం సాయంత్రం జరిగింది మంగళవారం కింద ఉంటుంది. 1834లో కంపెనీ వ్యాపారం ఆగింది కాబట్టి ఆ తర్వాతి ప్రయాణాలకు ఈ పద్ధతి పనిచేయదు.