డేటాబేస్ టేబుల్లో చాలా రోస్‌ని (అడ్డు వరుసలని) ఒకే రోలోకి తేవడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో ఓ పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్ డేటాబేస్ అనుకోండి. అద్దెదారుల టేబుల్లో 203వ గదికి మూడు రోస్: అనిల్, కిరణ్, సురేష్. ఓనర్‌కి మాత్రం గదికి ఒక్క లైనే కావాలి.

ఇంతవరకూ తేలికే. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఇలా (కీవర్డ్‌లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి):

సెలెక్ట్ గది, గ్రూప్_కాన్‌క్యాట్(పేరు ఆర్డర్ బై పేరు సెపరేటర్ ', ') ఫ్రమ్ అద్దెదారులు గ్రూప్ బై గది;

పేర్లను కలిపే పని ఇక్కడ గ్రూప్_కాన్‌క్యాట్‌ది. వేరే డేటాబేస్‌లలో దీని పేరు వేరు: పోస్ట్‌గ్రెస్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017 నుంచి అయితే స్ట్రింగ్_యాగ్. ఒరాకిల్‌లో లిస్ట్‌యాగ్. ఆర్డర్ బై తప్పనిసరి. లేకపోతే పేర్ల క్రమానికి గ్యారంటీ లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని పాత ఫర్ ఎక్స్‌ఎంఎల్ పాత్ పద్ధతి జోలికి పోవద్దు, పేరులో & గుర్తు ఉంటే దాని ఎక్స్‌ఎంఎల్ రూపం (&) బయటపడుతుంది.

అసలు చిక్కు చెల్లింపుల టేబుల్‌ని గది నంబర్ మీద జాయిన్ చేసినప్పుడు (అంటే జతకలిపినప్పుడు). 203 గదికి రెండు నెలల అద్దె, నెలకి 24,000. మూడు పేర్లు, రెండు చెల్లింపులు కలిస్తే ఆరు రోస్ అవుతాయి. ప్రతి పేరూ రెండుసార్లు వస్తుంది, మొత్తం 48,000 బదులు 1,44,000 చూపిస్తుంది.

ఇక్కడే అందరూ పేర్లకి డిస్టింక్ట్ (ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే తీసుకునే కీవర్డ్) అతికిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పేర్లు సరిపోతాయి, అందుకే తప్పు కంటికి కనబడదు. మొత్తం మాత్రం 1,44,000 గానే ఉంటుంది. మొత్తం కూడే సమ్ లోపల కూడా డిస్టింక్ట్ పెడితే ఇంకా ఘోరం: రెండు నెలల అద్దె ఒకటే కాబట్టి ఒకటి ఎగిరిపోయి 24,000 మిగులుతుంది.

ముందు కుదించండి, తర్వాత జాయిన్ చేయండి. పేర్లను ఒక సబ్‌క్వెరీలో (క్వెరీ లోపలి క్వెరీలో), చెల్లింపులను ఇంకో సబ్‌క్వెరీలో గది వారీగా గ్రూప్ చేసి, గదికి ఒక్కో రో అయ్యాకే గదుల టేబుల్‌కి లెఫ్ట్ జాయిన్ చేయాలి, అప్పుడు జత దొరకని గది కూడా ఉంటుంది. ఇన్నర్ జాయిన్ అయితే అద్దె కట్టని గది రిపోర్టులోంచే మాయమవుతుంది. ఓనర్ వెతికేది ఆ గదినే కదా!

సరిచూసుకోవడానికి రోస్ లెక్కపెట్టడం చాలదు, తప్పు క్వెరీలోనూ గదికి ఒక్క రోనే వస్తుంది. రిపోర్టులోని మొత్తాల కూడిక, చెల్లింపుల టేబుల్ మీద విడిగా వేసిన సమ్, రెండూ రూపాయితో సహా కలవాలి.

తెలుగు పేర్లయితే ఇంకో జాగ్రత్త. గ్రూప్_కాన్‌క్యాట్ మామూలు పరిమితి 1024 బైట్లు. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) 'సురేష్' ఒక్కటే 18 బైట్లు, గుణింతం గుర్తులకూ మూడేసి పడతాయి. పరిమితి దాటితే ఎర్రర్ రాదు, వార్నింగ్ ఇచ్చి జాబితాని మధ్యలో కోసేస్తుంది. క్వెరీకి ముందు ఈ పరిమితి సెట్టింగ్, గ్రూప్_కాన్‌క్యాట్_మ్యాక్స్_లెన్‌ని, ఆ సెషన్ వరకు 1,00,000కి పెంచండి. సెషన్ సెట్టింగ్ ఆ కనెక్షన్‌కే పనిచేస్తుంది కనుక క్వెరీ నడిపే కనెక్షన్‌లోనే పెట్టాలి.