ఆయిల్ పాస్టెల్ నైరూప్య ముఖం: చెడేది ఎక్కడ, సరిచేసేది ఎలా?

రంగులు బోలెడున్నా బొమ్మ చప్పగా ఉంది

ఆయిల్ పాస్టెల్ అనే మైనపు రంగు కడ్డీలతో నైరూప్యంగా, అంటే ఉన్నదున్నట్టు కాకుండా, ముఖం గీసేవారిలో ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. బుగ్గకు ఎరుపు, నుదుటికి ఆకుపచ్చ, మెడకు నీలం వేస్తారు. అయినా ముఖం కాగితానికి అతుక్కుపోయినట్టే ఉంటుంది. రంగులు మారాయి గానీ వెలుగునీడలు మారలేదు. బొమ్మను ఫోన్‌తో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిద రంగులో కనబడితే జబ్బేమిటో తెలిసినట్టే.

వెలుగు ఎడమ పైనుంచి పడుతోందనుకోండి. కుడి కంటి గుంట, ముక్కు కుడి పక్క, ముక్కు కింద, కింది పెదవి కింద, గడ్డం కింద: ఈ ఐదు చోట్లా నలుపో ప్రష్యన్ బ్లూనో (బాగా ముదురు నీలం) గట్టిగా ఒత్తి వేయండి. నుదుటి ఎడమ భాగం, ముక్కు దూలం, ఎడమ చెంప ఎముక తెలుపుకీ లేత పసుపుకీ వదలండి. మిగిలిన చోట మధ్యరకం రంగులు. అవి బొమ్మలో సగానికి మించితే మళ్లీ చప్పబడుతుంది. నీడలో ఊదా వేస్తారా, ముదురు ఆకుపచ్చ వేస్తారా అన్నది మీ ఇష్టం. ముదురుగా ఉండాలి, అంతే.

నలుపు తగిలిన పసుపు పాచి రంగుకు తిరిగింది

పసుపులో నలుపు కలిస్తే మురికి ఆకుపచ్చ వస్తుంది. ఆయిల్ పాస్టెల్‌లో ఉండేది ఎండని నూనె, మైనం. కాబట్టి నిన్న వేసిన నలుపు కూడా ఇవాళ చెయ్యి తగిలితే పాకుతుంది.

లేత రంగులు ముందు వేసి, నలుపు చివర వేయండి. రెంటి మధ్యా ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంచితే అంచు పదునుగా నిలుస్తుంది. గీత గీతకూ స్టిక్ మొనను టిష్యూతో తుడవండి. చెయ్యి ఆనే చోట బటర్ పేపర్ వేసుకోండి. ఇప్పటికే పాడైతే రబ్బరు జోలికి పోవద్దు, మరక ఇంకా పరుచుకుంటుంది. బ్లేడును దాదాపు పడుకోబెట్టి పైపొరను గీకేసి, పసుపు మళ్లీ వేయండి.

తెలుపు అంటడం లేదు, జారిపోతోంది

మూడు నాలుగు పొరలయ్యాక కాగితం మీది గరుకుదనమంతా మైనంతో నిండిపోతుంది, ఆపైన ఏదీ పట్టదు. పైగా పిల్లల పెట్టెల్లోని తెలుపులో మైనం ఎక్కువ, నలుపును కప్పలేదు. ఆ చోట పైపొర గీకేసి, తెలుపు మళ్లీ వేయడం ఒక దారి. మెత్తటి ఆర్టిస్ట్ రకం తెలుపు ఒక్క స్టిక్ విడిగా కొనుక్కోవడం ఇంకో దారి. 1949లో ప్యారిస్‌లో సెనెలియే అనే రంగుల తయారీదారు చిత్రకారుడు పికాసో కోసం తయారుచేసినవి అలాంటి మెత్తటి రకమే. కంటి మెరుపుకైతే అసలు తెలుపే అక్కర్లేదు: అడుగున లేత పసుపు దట్టంగా వేసి, పైన నలుపు కప్పి, టూత్‌పిక్‌తో గీయండి. అడుగు రంగు సన్నటి గీతగా బయటపడుతుంది.

ముఖంలా లేదు, లేదా మరీ ఫోటోలా ఉంది

ముఖంలా అనిపించాలంటే తల ఎత్తులో సగం దగ్గర కళ్ల గీత, దాని నుంచి కిందికి నిలువుగా ముక్కు ఉంటే చాలు. ఒక కన్ను పెద్దదైనా, నోరు పక్కకు జరిగినా పర్వాలేదు. ఫోటోలా తయారైతే కంటి గుంట, ముక్కు పక్క, నోటి మూల నీడలను ఒకే నల్లటి ఆకారంగా కలిపేయండి. వెలుగు పక్క బయటి గీతను బ్లేడుతో గీకేయండి. నునుపుగా కలపడం మానేస్తే సగం పని అయినట్టే.

చిన్న చిన్న చికాకులు

రాలిన నలుసులను అరచేత్తో తుడిస్తే చారలు పడతాయి. షీటు నిలబెట్టి వెనక తట్టండి, అంటుకున్నవి బ్లేడు మొనతో ఎత్తండి. మన ఎండాకాలంలో స్టిక్స్ మెత్తబడి ముద్దగా అంటుకుంటే పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. కాగితం వెనక నూనె మరక తేలుతోందంటే షీటు పల్చనిది. 200 జీఎస్ఎం (కాగితం మందం తెలిపే కొలత, చదరపు మీటరుకు గ్రాములు) పైన వాడండి, లేదా ముందే ఒక పూత యాక్రిలిక్ జెస్సో (రంగులకు అడుగున వేసే తెల్లటి పూత) వేసి ఆరనివ్వండి. ఫ్రేము కట్టించేటప్పుడు బొమ్మకూ అద్దానికీ మధ్య ఖాళీ ఉండేలా చుట్టూ మౌంట్ బోర్డు (మందపాటి అట్ట) పెట్టమని చెప్పండి. అద్దం నేరుగా తగిలితే రంగు దానికి అంటుకుంటుంది.